కొత్త బట్టతో బొంత కుడుతున్నారా? కత్తెర పెట్టేముందు తడపాలా, వద్దా?

అచ్చంగా పాత చీరలతో బొంత కుట్టేవాళ్లకి ఈ ప్రశ్నే రాదు. ఏళ్ల తరబడి ఉతికిన చీరలు కురచవ్వాల్సినంత అయిపోయి ఉంటాయి, దిగాల్సిన రంగూ ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. కానీ ఇప్పుడు చాలామంది లోపల అమ్మ చీరలు రెండు మూడు పొరలు వేసి, పైన మాత్రం అందంగా ఉండాలని పెడన కలంకారీ, మంగళగిరి కాటన్, ఇకత్ ముక్కలు కొత్తవి కొని అతుకుతున్నారు. తిప్పలన్నీ అక్కడే. నా మాట ఒకటే: లోపల పాత బట్ట ఉంటే, పైన వేసే కొత్త కాటన్‌ని తడిపి ఆరేసి ఇస్త్రీ చేయకుండా కత్తెర పెట్టకండి.

ఎందుకంటే మగ్గం మీద పడుగు పోగుల్ని, అంటే పొడుగునా ఉండే దారాల్ని, బాగా లాగి కట్టి నేస్తారు, బట్ట మొదటిసారి నీళ్లలో పడగానే ఆ బిగువంతా వదిలి పోగులు వెనక్కి వస్తాయి, అందుకే అడ్డం కన్నా పొడుగులోనే ఎక్కువ తగ్గుతుంది. మామూలు కాటన్ నూటికి 3 నుంచి 5 వంతుల దాకా కురచవుతుంది, కోరా గుడ్డ అయితే ఇంకా ఎక్కువే. 90 అంగుళాల బొంత మీద 4 శాతం అంటే మూడున్నర అంగుళాల పైమాటే! పైపొర అంత తగ్గి, కింద ఉన్న పాత చీర ఏమాత్రం తగ్గకపోతే, మధ్యలో ఉన్న కుట్టు ఏం చేస్తుంది? లాగుతుంది. వెనక పక్క చీర బుడగల్లా ఉబ్బుతుంది, దారం బిగిసి అక్కడక్కడా తెగుతుంది. చీరకి ఫాల్ వేసేముందు నీళ్లలో ముంచి ఇస్త్రీ చేస్తాం కదా, టైలర్ కూడా లైనింగ్ తడిపి ఇవ్వమంటారు కదా, కారణం అదే.

రంగు సంగతి ఇంకా ముఖ్యం. ముదురు ఎరుపు, నేవీ బ్లూ, నలుపు, మెరూన్ పక్కన తెలుపో మీగడ రంగో పెట్టాలనుకుంటే ప్రతి బట్టకీ విడిగా పరీక్ష చేయండి. మూల నుంచి చిన్న ముక్క కత్తిరించి, తెల్ల కప్పులో గోరువెచ్చని నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, అందులో ఆ ముక్కతో పాటు మీరు బొంతలో వాడబోయే తెల్లబట్ట ముక్క కూడా వేసి ఓ అరగంట వదిలేయండి. నీళ్లు రంగు మారినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, చూడాల్సింది తెల్లముక్కని. దాన్ని మంచినీళ్లలో జాడించాక తెల్లగానే ఉంటే పర్వాలేదు. గులాబీ ఛాయ వచ్చిందంటే ఆ ఎర్రబట్టని రంగు దిగడం ఆగేదాకా ఉతకాలి, ఎంతకీ ఆగకపోతే ఈ బొంతలో వాడకండి, జాకెట్టో సంచీయో కుట్టించుకోండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు గానీ, అద్దకం అయిపోయిన బట్టలో అదనంగా మిగిలిన రంగుని ఉప్పు పట్టి ఉంచదు, వెనిగరూ అంతే. ఆ అదనపు రంగు నీళ్లలో కొట్టుకుపోవాల్సిందే.

ఉతికే పద్ధతి: ముందు మడతలన్నీ విప్పండి. నాలుగు మూలల్లో చిటికెడంత కొస కత్తిరిస్తే పోగులు ఊడి చిక్కుపడటం బాగా తగ్గుతుంది, దగ్గర్లో ఫాల్, పీకో చేసేవాళ్లుంటే కత్తిరించిన అంచులకి జిగ్‌జాగ్ కొట్టించుకుంటే ఇంకా మంచిది. ముదురువీ లేతవీ వేరువేరుగా ఉతకండి. మామూలు అద్దకం కాటన్‌కి వేడినీళ్లు వాడితే కురచా, రంగూ రెండూ ఒకేసారి తేలిపోతాయి. కరక్కాయ, బెల్లం-ఇనుము నలుపు లాంటి సహజ రంగుల కలంకారీకి మాత్రం చన్నీళ్లు, కుంకుడు రసం లేదా సున్నితమైన సోపు, అంతకుమించి వద్దు, సోడా ఉన్న పౌడర్ దగ్గరికి రానీయకండి. గట్టిగా పిండకుండా నీడలో ఆరేసి, కాస్త తేమ ఉండగానే పోగు నిలువుగా వచ్చేలా సరిచేసి ఇస్త్రీ చేయండి.

ఉతికాక బట్ట మెత్తబడి కత్తెర కింద జారుతుంది, చాలామందికి ఉతకడం నచ్చనిది ఇందుకే. దానికి పలచటి గంజి చాలు. ముఖ్యంగా త్రికోణాలు కత్తిరించేటప్పుడు క్రాస్‌లో వచ్చే అంచు సాగకుండా గంజే కాపాడుతుంది. గంజి పెట్టిన బట్టని మాత్రం నెలలు బీరువాలో ఉంచకండి, పురుగులు చేరతాయి.

ఇక తడపక్కర్లేని సందర్భాలు. ముందే కత్తిరించి అమ్మే చిన్న చిన్న ముక్కల్ని ఉతికితే అంచులు పీచులై కొలతే పోతుంది, వాటిని అలాగే వాడండి, కానీ అప్పుడు లోపలా వెనకా కూడా కొత్తబట్టే వేయండి. అన్నీ కొత్త కాటన్‌లే, రంగు పరీక్షా దాటాయి, ఉతికాక వచ్చే ఆ సన్నటి ముడతలు మీకిష్టం అనుకుంటే హాయిగా నేరుగా కుట్టేయొచ్చు, ఆ ముడతలతో కొత్త బొంత కూడా పాతదానిలా మెత్తగా కనిపిస్తుంది. గోడకి వేలాడదీసేదానికి, ఎప్పటికీ ఉతకరు కాబట్టి, అస్సలు అక్కర్లేదు. పసిపిల్లల కోసం అయితే నేను మాత్రం ఉతకమనే అంటాను, కొత్త బట్టల మీద ఉండే గంజీ రసాయనాలూ వాళ్ల ఒంటికి తగలడం ఎందుకు?

కుట్టేశాక మొదటి ఉతుకులో రంగు పక్క ముక్కలకి పాకిందనుకోండి, ఆరనివ్వకండి, ఎండలో అసలే వేయకండి. వెంటనే పెద్ద టబ్బులో బొంత మొత్తం మునిగేలా, కాటన్ తట్టుకునేంత వేడినీళ్లు పోసి, లిక్విడ్ సోపు కాస్త ఎక్కువే వేసి కొన్ని గంటలు నానబెట్టండి. నీళ్లలోంచి ఏ మూలా పైకి తేలకూడదు. నీళ్లు రంగు మారినప్పుడల్లా పారబోసి మళ్లీ పెట్టండి, తేటనీళ్లు వచ్చేదాకా ఇలాగే చేయాలి.