వేరుశనగ చెక్కతో విరగని పొర: గ్లిజరిన్ కొలత దగ్గరే ఉంది కిటుకు

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. నాలుగేళ్లుగా ప్రతి బ్యాచ్ చేతా వేరుశనగ చెక్క నుంచి ప్రొటీన్ తీయించి, దానితో మట్టిలో కలిసిపోయే పల్చని పొర పోయిస్తున్నాను. ప్రొటీన్ తీయడం అందరికీ వచ్చేస్తుంది. తేడా కొట్టేది ప్లాస్టిసైజర్ దగ్గరే, అంటే పొర విరగకుండా మెత్తగా వంగేలా చేసే పదార్థం దగ్గర. మన దగ్గర సులువుగా దొరికేది గ్లిజరిన్. మెడికల్ షాపులో ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, మందుల నాణ్యతా ప్రమాణం) అని ముద్ర ఉన్న సీసా అడగండి.

ముందు చెక్క సంగతి. గానుగ నుంచి తాజాది తెచ్చుకోండి. నేను మొదటిసారి ఐదు కిలోలు అడిగితే గానుగాయన "ఏం మేడమ్, ఎనుమును కొన్నారా?" అన్నాడు. మిల్లు చెక్క బాగా వేడెక్కి ఉంటుంది కాబట్టి అందులోని ప్రొటీన్ నీళ్లలోకి సరిగా దిగదు. బూజు వాసన వచ్చే చెక్కను మాత్రం ముట్టుకోవద్దు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు.

100 గ్రాముల చెక్క పొడిని లీటరు నీళ్లలో కలిపి, వాషింగ్ సోడా నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ 9కి తెచ్చి, గంటసేపు తిప్పుతూ ఉండాలి. గుడ్డలో వడకట్టి, కాసేపు కదపకుండా ఉంచి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసేయాలి. తర్వాత నిమ్మ ఉప్పు నీళ్లు చుక్కచుక్కగా వేయండి. నురగ పొంగుతుంది, టెన్షన్ పడొద్దు. పీహెచ్ 4.5 దగ్గరికి రాగానే పాలు విరిగినట్టు విరిగి ముద్దలు అడుగుకు దిగుతాయి. వాటిని ఒకసారి కడిగి పిండుకోవాలి. ఆ ముద్దలో ఒక 10 గ్రాములు వేరుగా ఆరబెట్టి తూచండి. పొడి ప్రొటీన్ ఎంతుందో తెలియకుండా గ్లిజరిన్ సీసా మూత తీయకూడదు.

ఎందుకంటే గ్లిజరిన్ లెక్క ప్రొటీన్ బరువు మీదే గానీ, ద్రావణం మొత్తం మీద కాదు. 10 గ్రాముల పొడి ప్రొటీన్‌కు సరిపడా ముద్ద తీసుకుని, నీళ్లతో కలిపి మొత్తం 200 మిల్లీలీటర్లు చేయండి. 40 శాతం గ్లిజరిన్ అంటే 4 గ్రాములు. గ్లిజరిన్ నీళ్లకన్నా బరువు, మిల్లీలీటరు 1.26 గ్రాములు తూగుతుంది. సిరంజితో 4 మిల్లీలీటర్లు పోశారంటే 5 గ్రాములు పడ్డట్టే, పొర జిగటగా వస్తుంది. పైగా చిక్కటి గ్లిజరిన్ సిరంజి గోడలకు అంటుకుపోతుంది. నేనైతే బీకరును తూకం మీద పెట్టి నేరుగా అందులోకే పోయిస్తాను.

పీహెచ్ మళ్లీ 9కి తెచ్చి, వేడినీళ్ల గిన్నెలో బీకరు పెట్టి 80 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. ఆ వేడికి ముడుచుకున్న ప్రొటీన్ గొలుసులు విచ్చుకుని, ఒకదానికొకటి అల్లుకుంటాయి. నురగ తీసేసి, 28 సెంటీమీటర్ల నాన్‌స్టిక్ పళ్లెంలో పోసి, చదునైన చోట నీడన ఆరనివ్వండి. స్టీలు పళ్లెంలో వద్దు, పట్టేసుకుని ఊడిరాదు. ఒకటి రెండు రోజులకు అంచు తనంతట తాను లేస్తుంది. అక్కడ గోరు పెట్టి నెమ్మదిగా లాగితే తేనెరంగు పొర పళ్లెం ఆకారంలోనే చేతికి వస్తుంది.

గ్లిజరిన్ లేకపోతే ఏమవుతుంది? గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని పొర పెళుసెక్కుతుంది. గ్లిజరిన్ వాటి మధ్య దూరి, తన మూడు హైడ్రాక్సిల్ (OH) చేతులతో వాటిని పట్టుకుని, జరిగే చోటు ఇస్తుంది. నీళ్లు చేసే పనీ అదే. అప్పడం వానాకాలంలో మెత్తబడటం, ఎండాకాలంలో విరగడం చూస్తూనే ఉంటాం కదా. గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి, మీరు పోసినది ఒకటైతే, మీ ఊరి గాలి పోసేది రెండోది.

ఇది నాకు తెలిసివచ్చింది మే నెలలో. అంతకుముందు వానల్లో 30 శాతంతో చక్కగా వచ్చిన పొర, ఎండల్లో మడతపెట్టగానే పటుక్కుమంది. 45 శాతానికి పెంచితే కుదిరింది. ఆ పొరనే కాకినాడలో ఉన్న మా చెల్లెలికి పంపితే "అక్కా, ఇది వేళ్లకు అంటుకుంటోంది" అంది. అందుకని పుస్తకంలో ఉన్న శాతాన్ని నేరుగా తీసుకోకండి. 30, 40, 50 శాతాలతో మూడు చిన్న పళ్లాలు పోసి, రెండు రోజులు గదిలో ఉంచాక మడిచి చూసుకోండి.

తీరప్రాంతం వాళ్లు సార్బిటాల్ అనే మరో ప్లాస్టిసైజర్ కూడా ప్రయత్నించవచ్చు. అది తేమను గ్లిజరిన్ అంత లాగదు, కానీ పొర కాస్త బిరుసుగా ఉంటుంది, కొన్నాళ్లకు పైన తెల్లటి పొడిలా తేలొచ్చు. ఆముదం వేద్దామని పిల్లలు ప్రతి ఏడాదీ అడుగుతారు. ఈ నీళ్ల ద్రావణంలో అది కలవదు, చుక్కలుచుక్కలుగా విడిపోతుంది.

పొరలను న్యూస్‌పేపర్ మధ్య దాచవద్దు. గ్లిజరిన్ మెల్లగా కాగితంలోకి దిగి, నెల తిరిగేసరికి నూనె మరకలాంటిది కనిపిస్తుంది, పొర బిరుసెక్కుతుంది. బిగుతు మూత ఉన్న డబ్బాలో, పొరకూ పొరకూ మధ్య ప్లాస్టిక్ షీటు వేసి పెట్టుకోండి.