గోగు చేలోని ఎర్ర పురుగు ల్యాబులో నిలవడం లేదా? సమస్య - పరిష్కారం

పిండం ఎలా రూపుదిద్దుకుంటుందో డ్రోసోఫిలా ఈగ (పండ్ల మీద ముసిరే చిన్న ఈగ) చాలా చెప్పింది. కానీ ప్యూపా (గూటి) దశే లేని కీటకాల సంగతి దాన్ని అడిగితే తేలదు. చీపురుపల్లి వైపు గోగు చేలలో కాయ పట్టాక గుంపులు కట్టే ఎర్ర డిస్‌డెర్కస్ పురుగు ఆ పనికి చక్కని నమూనా జీవి, అంటే ల్యాబులో పెంచి పరిశోధించదగ్గ జీవి. చేలో తరిమినా పోదు, కాలేజీ ల్యాబుకు తెస్తే మాత్రం నఖరాలు మొదలు.

ఒక్కరోజులో అన్నీ వెల్లకిలా పడ్డాయి
గింజలు చూడండి. దుకాణంలో అమ్మే పత్తి విత్తనానికి సాధారణంగా పురుగుమందు పూత ఉంటుంది. కడిగి వాడదామనుకోవద్దు. జిన్నింగ్ మిల్లు నుంచి పత్తి గింజలో, రైతు ఇంట్లోని గోగు గింజలో తెచ్చి నానబెట్టి వేయండి.

గుడ్లు ముడుచుకుపోయాయి
తేమ చాలలేదు. తడి ఇసుక పెట్టండి, నీరు మాత్రం నిలవకూడదు.

ఐదో దశ తర్వాత రెక్కలు రాలేదు, ఇంకా పెద్ద పిల్లపురుగే వచ్చింది
ఏదో జన్యువును ఆపిన ఫలితమని సంబరపడే ముందు పెట్టె అడుగున పరిచిన కాగితం తీసి చూడండి. 1960ల మధ్యలో కీటక శాస్త్రవేత్త కారెల్ స్లామా ఈ కుటుంబానికే చెందిన పిరోకోరిస్ పురుగులను ప్రాగ్ నుంచి హార్వర్డ్‌కు తీసుకెళ్లారు. అక్కడ అవి పెద్దవి కాలేదు. ఆయన, అక్కడి శాస్త్రవేత్త కారల్ విలియమ్స్ ఒక్కొక్కటే మార్చి చూస్తే దోషం పేపర్ టవల్‌లో దొరికింది. న్యూయార్క్ టైమ్స్ కాగితం పరిచినా అదే తంతు, లండన్ టైమ్స్ పరిస్తే ఏ ఇబ్బందీ లేదు! అమెరికా కాగితపు గుజ్జులో వాడే బాల్సమ్ ఫర్ చెట్టులోని పదార్థం ఈ పురుగుల్లో బాల్య హార్మోనులా (పురుగును పిల్లదశలోనే ఉంచే హార్మోను) పనిచేస్తుంది. కాబట్టి సగం పెట్టెల్లో కాగితం తీసి ఇసుక పోయండి, తేడా మీకే తెలుస్తుంది.

బ్లీచింగ్‌తో కడిగిన గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎదగడం లేదు
శుభ్రత ఎక్కువైంది. తల్లి గుడ్ల మీద వదిలే బాక్టీరియా పిల్లల పేగులో చేరి బి విటమిన్లు అందిస్తుంది. బూజు పట్టిన గుడ్లను ఏరేయండి, మిగతావాటిని కడగకండి. ఇప్పటికే కడిగేసి ఉంటే కడగని గుడ్లు కొన్ని అదే పెట్టెలో ఉంచండి.

రంగు పిండంలోకి ఇంకలేదు
పిండాన్ని సూక్ష్మదర్శినిలో చూడటానికి వేసే రంగుకు అడ్డు గుడ్డు పెంకే. ప్యూపా దశ లేని మరో పురుగు ఆన్కోపెల్టస్ మీద పనిచేసేవారి పద్ధతి ఇది: గుడ్లను కాస్త నీటితో చిన్న గొట్టంలో వేసి, మరుగుతున్న నీటిలో ఒక నిమిషం ఉంచి, వెంటనే మంచులో పెడతారు. ఆ తర్వాతే పిండాన్ని చెడకుండా నిలిపే మందులు హెప్టేన్, ఫార్మాల్డిహైడ్. సొన గట్టిపడుతుంది కాబట్టి పెంకు ఒలిచేటప్పుడు పిండం చెదరదు. మన పురుగుకు ఆ నిమిషం ఎక్కువో తక్కువో కావచ్చు. ముందు కొద్ది గుడ్లతోనే చూసుకోండి.