ఎకనామిక్స్ పీహెచ్‌డీ సీటు రాలేదా? లోపం ఎక్కడుందో ఇలా వెతకండి

ఫిబ్రవరి, మార్చి నెలల్లో తిరస్కరణలు వరుసకట్టగానే చాలామంది ఎస్‌ఓపీ (దరఖాస్తుతో పంపే, తమ లక్ష్యాలు వివరించే వ్యాసం) తిరగరాయడానికి కూర్చుంటారు. అమెరికా ఎకనామిక్స్ విభాగాల విషయంలో చివరగా అనుమానించాల్సింది దాన్నే. అసలు లోపం మరోచోట ఉంటుంది. ఎక్కడెక్కడి నుంచి ఏ జవాబు వచ్చిందో వరుసగా రాసుకుని చూస్తే చాలావరకు దొరుకుతుంది.

సమస్య: అన్నిచోట్లా తిరస్కరణే, వెయిటింగ్ లిస్టులోనూ పేరు లేదు

ముందు గణితాన్ని అనుమానించండి. మొదటి ఏడాది మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ కోర్సులు నిరూపణలతో నడుస్తాయి. ఆ తర్వాత అర్హత పరీక్షలు ఉంటాయి. ఈ అభ్యర్థి వాటిని గట్టెక్కగలరా అన్నదే ప్రవేశాలు నిర్ణయించే కమిటీకి మొదటి ప్రశ్న. జవాబు కోసం వాళ్లు చూసేది మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, అన్నిటికన్నా ముఖ్యంగా రియల్ అనాలిసిస్‌లో (కాల్‌క్యులస్‌ను నిరూపణలతో నేర్పే గణిత కోర్సు) వచ్చిన గ్రేడ్లు. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్షలోని గణిత విభాగం క్వాంట్‌లో 170కి 170 వచ్చినా ఈ లోటు తీరదు. ఆ పరీక్షలో ఉండేది పాఠశాల స్థాయి గణితం. స్కోరు తక్కువైతే నష్టం, ఎక్కువైతే పెద్ద లాభమేమీ లేదు.

పరిష్కారం: రియల్ అనాలిసిస్‌ను పరీక్ష, గ్రేడు ఉన్న కోర్సుగా చదవండి. సొంతంగా చదివితే జ్ఞానం వస్తుంది కానీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో (కోర్సులు, గ్రేడ్ల అధికారిక పత్రం) కనిపించదు. చాలా దరఖాస్తులకు గడువు డిసెంబరులోనే ముగుస్తుంది కాబట్టి ఆలోపే గ్రేడు చేతికి రావాలి.

సమస్య: గణితం బలంగా ఉంది, మార్కులు బాగున్నాయి, అయినా మంచి విభాగాలేవీ పిలవలేదు

ఇది దాదాపు ఎప్పుడూ సిఫార్సు లేఖల లోపమే. అభ్యర్థికి కనిపించని పత్రాలు కాబట్టి ఎవరికీ వాటి మీద అనుమానం రాదు. ఈ రెండు లేఖలు చూడండి.

"నా తరగతిలో మొదటి అయిదుగురిలో ఒకరు. క్రమశిక్షణ ఉంది. ఏ పని అప్పగించినా శ్రద్ధగా చేస్తారు."

"నేనిచ్చిన కుటుంబాల సర్వే డేటాలో రెండు విడతల మధ్య గుర్తింపు సంఖ్యలు మారిపోయాయని ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు. సరిదిద్దాక మా ప్రధాన అంచనా సగానికి తగ్గింది. నేను గతంలో పీహెచ్‌డీకి పంపిన మంచి విద్యార్థులతో సమానం."

మొదటిది మెచ్చుకోలు, రెండోది సాక్ష్యం. కమిటీలో ఉన్నవాళ్లు పరిశోధకులు. డేటాతో తలపడిన మనిషిని ఇట్టే గుర్తిస్తారు. పాత విద్యార్థులతో పోల్చిన ఒక్క వాక్యం పేజీడు పొగడ్తలకన్నా బరువుగా తూగుతుంది.

పరిష్కారం: అలాంటి లేఖ రావాలంటే పరిశోధన చేసే ఆచార్యుల దగ్గర పనిచేయాలి. ఏడాది, రెండేళ్ల ప్రీడాక్ ఉద్యోగాలు (పీహెచ్‌డీకి ముందు పరిశోధన సహాయకులుగా చేసేవి) అందుకు మంచి దారి, జీతమూ వస్తుంది. లేఖ అడిగేటప్పుడు "నా గురించి బలంగా రాయగలరా?" అని సూటిగా అడగండి. జవాబులో తడబాటు వినిపిస్తే మరొకరిని చూసుకోవడమే మేలు.

సమస్య: వెయిటింగ్ లిస్టు దాకా వచ్చి ఆగిపోయింది

ఇక్కడ మీ దరఖాస్తులో పెద్ద లోపం ఉండకపోవచ్చు. ఆర్థిక సహాయంతో వచ్చిన అవకాశాలపై నిర్ణయం చెప్పడానికి అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. ఇతరులు వదులుకున్న సీట్లు ఆ చివరి రోజుల్లోనే కదులుతాయి. నిజంగా మొదటి ఎంపిక అయిన ఒక్క విభాగానికే, అవకాశమిస్తే తప్పక చేరతానని చిన్న మెయిల్ రాయండి. అదే మాట నాలుగు చోట్లకు రాయడం తప్పు. మీకు వచ్చిన వాటిలో అక్కర్లేనివి వెంటనే వదిలేయండి. మీలాగే ఎదురుచూస్తున్నవాళ్లు అక్కడా ఉంటారు.

సమస్య: సీటు వచ్చింది, స్టైపెండ్ లేదు

చేరవద్దనే నా సలహా. పేరున్న విభాగాలు సాధారణంగా అయిదేళ్లపాటు ఫీజు మినహాయించి స్టైపెండ్ ఇస్తాయి.

సమస్య: రెండోసారీ అదే ఫలితం

రెండు దరఖాస్తులనూ పక్కపక్కన పెట్టండి. కొత్త కోర్సు, కొత్త లేఖ, కొత్త పరిశోధన ఏదీ లేకపోతే కమిటీ చదివింది పాత ఫైలునే. అవన్నీ ఉన్నా రాలేదంటే విభాగాల జాబితా చూడండి. మొదటి పది విభాగాలకే పంపి ఉంటే అది జాబితా లోపం. వ్యవసాయ ఆర్థికశాస్త్రం, పబ్లిక్ పాలసీ, ఫైనాన్స్ విభాగాల్లోనూ ఆర్థికవేత్తలు పరిశోధన చేయిస్తారు. మీ ప్రశ్న భూమి కౌలు గురించో పింఛన్ల గురించో అయితే, దానికి సరిపోయే మార్గదర్శి అక్కడే దొరకవచ్చు. వచ్చే జాబితా తయారుచేసే ముందు మీకు లేఖ రాసినవారి దగ్గరకు వెళ్లి, వారి పాత విద్యార్థులు ఏ స్థాయి విభాగాల్లో చేరారో, మీరు ఏ స్థాయికి సరిపోతారో అడిగి తెలుసుకోండి.