రికార్డ్ ప్లేయర్ గుయ్‌మంటోందా? మోత ఎలా పోగొట్టాలి

ప్లేయర్ గుయ్‌మంటే చాలు, అందరూ ముందు ముల్లు మార్చేస్తారు. తర్వాత ఖరీదైన కేబుళ్లు కొంటారు. మా బంధువుల ఇంట్లో కొత్త కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చి ఉండే చిన్న భాగం) వచ్చింది, కొత్త కేబుల్ వచ్చింది, మోత మాత్రం కదల్లేదు. వెళ్లి చూస్తే ప్లేయర్ వెనక సన్నటి ఎర్త్ వైరు ఎక్కడా బిగించకుండా వేలాడుతోంది. బిగించడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

కావలసినవి చిన్న స్క్రూడ్రైవరు, టార్చి, ఇంట్లో సందడి లేని ఒక గంట. ఏ వైరు తీసినా, పెట్టినా ముందు వాల్యూమ్ సున్నాకి తెచ్చి ఆంప్లిఫయర్ ఆపేయండి. లేదంటే ఒక్క 'ధబ్'మనే దెబ్బకి స్పీకర్ పాడైపోవచ్చు.

ముందు వినండి. ముల్లు పైకి ఎత్తి ఉంచి, పళ్లెం ఆపేసి, రోజూ వినేంత వాల్యూమ్ పెట్టండి. అప్పుడు కూడా మోత ఉంటే అది కరెంటు వైపు సమస్య. రికార్డు ఆడుతున్నప్పుడే శబ్దం వస్తే దుమ్ము, ముల్లు, అదురు వైపు వెతకాలి. ఈ పరీక్ష కాకుండా రూపాయి ఖర్చు పెట్టకండి.

రికార్డు ఆడుతున్నప్పుడే వచ్చే రెండో రకం తేలిక. చిటపటలకు ఎక్కువగా దుమ్మే కారణం. ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్‌తో తుడిచాకే ముల్లు దించాలి. ఫెల్ట్ మ్యాట్ ఉంటే తీసేసి కార్క్‌ది వేయండి, ఫెల్ట్ రికార్డుకి అతుక్కుని దుమ్ముని లాగుతుంది. తాతల నాటి 78 స్పీడు ప్లేట్లకు మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి. పాటలో 'స', 'ష' చీలినట్టు వినిపిస్తే ముల్లు అరిగి ఉండొచ్చు, లేదా రికార్డు మీద అది మోపే బరువు తప్పి ఉండొచ్చు. బరువు చాలా కార్ట్రిడ్జ్‌లకు 1.5, 2 గ్రాముల మధ్య ఉంటుంది. మీ దానికి ఎంతో దాని కాగితంలో చూడండి. ఇక అదురు సంగతి: ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు ఆనించి, కొద్దిగా వాల్యూమ్ పెట్టి బల్లని వేలితో తట్టండి. స్పీకర్లో 'ధబ్ ధబ్' గట్టిగా వస్తే స్పీకర్లని ఆ బల్ల మీంచి దించేయాల్సిందే.

ఇప్పుడు అసలు కష్టమైన మెట్టు, ఎర్త్. ఇక్కడ తొందరపడకండి.

మామూలు మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులే. ఫోనో ప్రీఆంప్ దాన్ని సుమారు 100 రెట్లు పెంచుతుంది, బాస్‌ని ఇంకా ఎక్కువ పెంచుతుంది. రికార్డు మీద గాడి కోసేటప్పుడే బాస్ తగ్గించి కోస్తారు కాబట్టి వినేటప్పుడు తిరిగి పెంచక తప్పదు. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సరిగ్గా ఆ బాస్‌లోనే ఉంది. అందుకే రేడియోకి, ఫోన్‌కి వినపడని గుయ్ ప్లేయర్‌కి వినపడుతుంది.

ప్లేయర్ ఎర్త్ వైరుని ప్రీఆంప్ వెనక GND అన్న స్క్రూకి గట్టిగా బిగించండి. స్క్రూ తుప్పు పట్టి ఉంటే గీకి బిగించండి. ఆడియో టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్ లాంటి వాటికి ఈ వైరే ఉండదు, వెతుక్కోకండి. వాటికి వెనక ఫోనో/లైన్ స్విచ్ ఉంటుంది. స్విచ్ లైన్‌లో ఉంటే ప్లేయర్ లోపలి ప్రీఆంప్ పనిచేస్తుంది. అలా ఉంచి ఆంప్లిఫయర్ ఫోనో ఇన్‌పుట్‌లో పెడితే ప్రీఆంప్ రెండుసార్లు పనిచేసి, పాట పగిలిపోయినట్టు వస్తుంది, మోత కూడా పెరుగుతుంది.

మోత ఒకే స్పీకర్లో వస్తుంటే ప్రీఆంప్ దగ్గర ఎడమ, కుడి కేబుళ్లు తారుమారు చేయండి. మోత కూడా రెండో స్పీకర్‌కి మారితే తప్పు ప్లేయర్ వైపు ఉంది. కార్ట్రిడ్జ్ వెనక ఉండే తెలుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ వైర్లలో ఏదో వదులై ఉండొచ్చు. మారకపోతే తప్పు ప్రీఆంప్ దగ్గరో, ఆ తర్వాతో ఉంది.

ఎర్త్ బిగించినా మోత పోలేదంటే ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడి ఉండొచ్చు. అన్నీ ఒకే ప్లగ్గు బోర్డులో పెట్టండి. అప్పటికీ ఉంటే ఆంప్లిఫయర్‌కి కలిపిన టీవీ, కంప్యూటర్, సెట్‌టాప్ బాక్స్ వైర్లు ఒక్కోసారి ఒక్కటే తీసి వినండి. రెండు కలిపి తీస్తే కారణం ఏదో ఎప్పటికీ తేలదు. కేబుల్ టీవీ వైరు పీకగానే మోత ఆగిన ఇళ్లు నేను చాలా చూశాను.

ఇక్కడ చాలామంది చేసే ఘోరమైన తప్పు ఒకటుంది: త్రీ పిన్‌లో ఎర్త్ పిన్ను కోసేస్తారు. మోత ఆగుతుంది, నిజమే. కానీ రేపు ఆంప్లిఫయర్ లోపల వైరు తెగి బాడీకి తగిలితే, ఆ కరెంటు వెళ్లే దారి మీరు, మీ పిల్లలు. ఎవరు సలహా ఇచ్చినా కోయకండి. బోర్డులో న్యూట్రల్‌నే ఎర్త్‌కి కలిపేసే అలవాటు కూడా అంతే ప్రమాదం. పాత ఇల్లయితే, వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోయే ఇల్లయితే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించి, తేడా ఉంటే బాగు చేయించండి.

అన్నీ చేసినా మిగిలిన మోతకి ఆడియో వైర్ల మధ్య పెట్టే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు. ప్రీఆంప్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య మాత్రమే పెట్టాలి, కార్ట్రిడ్జ్‌కీ ప్రీఆంప్‌కీ మధ్య కాదు.