హాకీ స్కేట్ జారుతోందా, నొప్పెడుతోందా? ముందు బూట్, తర్వాత పదును, ఆఖరున ప్రొఫైల్

ఐస్ మీద ఏదో తేడాగా ఉంది, బ్లేడ్ ప్రొఫైల్ మార్పించాలా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: బూట్‌లో మడమ కదులుతోందా? చాలామంది "కొంచెం" అంటారు. సమస్య ఆ కొంచెంలోనే ఉంటుంది. పాదం బూట్‌లో గట్టిగా నిలవకపోతే బ్లేడ్‌ని ఎంత శ్రద్ధగా మలిచినా ప్రయోజనం లేదు. మీరు మోకాలు వంచి బరువు వేసేలోపు పాదం లోపల జరిగిపోతుంది, బ్లేడ్ ఆలస్యంగా కదులుతుంది.

అందుకే వెతికే వరస ముఖ్యం. మొదట బూట్ చూడాలి, తర్వాత పదును. రెండూ బాగున్నాయని తేలాకే ప్రొఫైల్ జోలికి వెళ్లాలి. ప్రొఫైల్ మార్చడమంటే ఉక్కుని అరగదీయడం, అరిగింది తిరిగి రాదు. లేసులు విప్పి మళ్లీ కట్టుకుంటే పోయేదేమీ లేదు.

రెండు మాటలు ముందే చెప్పుకుంటే మిగతాది తేలిగ్గా ఉంటుంది. బ్లేడ్‌ని తిరగేసి అడ్డంగా చూస్తే మధ్యలో సన్నటి గాడి, దానికి రెండు పక్కలా రెండు అంచులు ఉంటాయి. ఆ గాడిని హాలో అంటారు, దాని వంపు వ్యాసార్థాన్ని అంగుళాల్లో చెబుతారు. బ్లేడ్‌ని పక్క నుంచి పొడవునా చూస్తే ముందూ వెనకా పైకి లేచే వంపు కనిపిస్తుంది. అది ప్రొఫైల్, దాని వ్యాసార్థం అడుగుల్లో ఉంటుంది. 1/2 అంటే హాలో, 10 అంటే ప్రొఫైల్ అని గుర్తుపెట్టుకుంటే షాపులో గందరగోళం ఉండదు.

మడమ లేస్తోంది, చీలమండ లోపలికి వాలిపోతోంది

ఎక్కువసార్లు కారణం పెద్ద సైజు. మామూలు షూ సైజే స్కేట్‌కీ తీసుకుంటే ఇలాగే అవుతుంది. హాకీ స్కేట్ సాధారణంగా షూ సైజు కన్నా 1 నుంచి 1.5 తక్కువ ఉంటుంది. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు బూట్ ముందుండే గట్టి టోపీకి తేలిగ్గా తగలాలి. మోకాళ్లు వంచగానే మడమ వెనక్కి వెళ్లి, వేళ్లకి కాస్త చోటు రావాలి. వంచాక కూడా వేళ్లు ముడుచుకునే ఉంటే చిన్నది. నిలబడినప్పుడే వేళ్లు టోపీకి అందకపోతే పెద్దది.

ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. లేసులు వదులు చేసి, పాదాన్ని పూర్తిగా ముందుకు తోసి, మడమ వెనక వేలు పెట్టి చూడండి. ఒక వేలు కన్నా ఎక్కువ పడితే సైజు పెద్దదని అర్థం. రెండోది, ఇన్‌సోల్ బయటకు తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. పాదం రెండు పక్కలా ఇన్‌సోల్ దాటి పొర్లితే బూట్ ఇరుకు. చుట్టూ ఖాళీ కనిపిస్తే వెడల్పెక్కువ.

సైజు సరిపోయినా మడమ లేస్తుంటే బూట్ ఆకారం మీ పాదానికి కుదరలేదన్నమాట. బావర్ కంపెనీ స్కేట్లలో ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని, సీసీఎం కంపెనీవాటిలో టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అని మూడేసి రకాలు ఉంటాయి. సన్నటి మడమ, పలచటి పాదం ఉన్నవాళ్లకి మొదటి రకం, మందపాటి పాదానికి మూడోది. ఇక్కడ బ్రాండ్ మీద అభిమానం పెట్టుకోవద్దు. పాదానికి ఏది పడితే అదే మంచి స్కేట్.

ఆకారం దగ్గర దగ్గరగా ఉంటే బూట్‌ని వేడి చేయించి పాదానికి మలిపించుకోవచ్చు. సుమారు 80 డిగ్రీల సెల్సియస్‌లో కొన్ని నిమిషాలు వేడి చేస్తారు. కచ్చితమైన వేడి, సమయం ఆ మోడల్ తయారీదారు చెప్పినట్టే ఉండాలి. వేసుకునేటప్పుడు మడమని వెనక్కి తట్టి, లేసుల్ని పైకి లాగకుండా పక్కలకి లాగాలి. పైకి లాగితే మెత్తబడిన బూట్‌లో లేసు కన్నాలు ఊడొచ్చే ప్రమాదం ఉంది. తర్వాత మోకాళ్లు వంచి కూర్చోవాలి, లేచి నడవకూడదు. చల్లారాక కూడా ఒక రోజు ఐస్ ఎక్కకపోవడం మంచిది. దీనివల్ల కాస్త ఇరుకు సర్దుకుంటుంది. పెద్ద సైజు మాత్రం చిన్నది కాదు. పెద్ద బూట్‌లో మందపాటి సాక్సు రెండు జతలు తొడగడం పరిష్కారం కాదు, మెత్తదనం వల్ల పాదం ఇంకా ఎక్కువ జరుగుతుంది. పిల్లలకి ఎదిగే చోటు వదలాలంటే అర సైజు చాలు, అంతకు మించి వదిలితే వాళ్లు నేర్చుకోలేక ఇబ్బంది పడతారు.

చీలమండ ముందు మడత దగ్గర నొప్పి, లేసులు కోసేస్తున్నట్టుంది

ఎంత బిగిస్తే అంత నొప్పి అయితే ముందు బూట్ లోతు చూడండి. లేసులు పూర్తిగా వదులు చేసి, పాదం లోపల పెట్టి, బూట్ నాలుకని ముందుకి లాగి, పై నుంచి మూడో జత కన్నాల మీద ఒక పెన్సిల్ అడ్డంగా పెట్టండి. పెన్సిల్ రెండు వైపులా కన్నాల అంచుల మీద కూర్చుంటే లోతు సరిపోయింది. ముందుగా పాదానికే తగిలి తేలుతుంటే ఆ బూట్ మీకు లోతు చాలదు. ఎక్కువ లోతున్న రకానికి మారాలి. లోతు సరిగ్గా ఉండీ నొప్పి వస్తుంటే నాలుక కింద జెల్ ప్యాడ్ పెట్టుకోవచ్చు, నొప్పి ఉన్న చోట ఒక జత కన్నాలు వదిలేసి లేసు కట్టుకోవచ్చు.

అరికాలు పట్టేస్తోంది

ఐస్ ఎక్కిన కొద్ది నిమిషాలకే పాదం వంపు దగ్గర కండరం పట్టేస్తే చాలామంది బూట్ ఇరుకు అనుకుంటారు. ఎక్కువగా పాదం మధ్య భాగంలో లేసు మరీ బిగించడం వల్ల, లేదా ఇన్‌సోల్ చదునుగా ఉండి పాదం వంపుకి ఆసరా లేకపోవడం వల్ల ఇలా అవుతుంది. వేళ్ల దగ్గర, పాదం మధ్యలో లేసు మామూలుగా ఉంచి, చీలమండ వంగే చోట మాత్రమే గట్టిగా బిగించండి. అప్పటికీ తగ్గకపోతే వంపు ఎత్తున్న ఇన్‌సోల్ వేయండి.

ఎముక పొడుచుకొచ్చిన ఒక్కచోటే నొప్పి అయితే అక్కడ బూట్‌ని ఉబ్బించాలి. ఆ ఎముక మీద లిప్‌స్టిక్ చుక్క పెట్టి వట్టి కాలితో బూట్ వేసుకుని తీస్తే లోపల గుర్తు పడుతుంది. షాపువాళ్లు సరిగ్గా ఆ చోటే సాగదీస్తారు.

ఒకవైపు తిరిగితే బాగుంది, రెండోవైపు జారిపోతోంది

ప్రొఫైల్ మీద అన్యాయంగా పడే నింద ఇదే. ఎడమకి తిరిగేటప్పుడు ఎడమ కాలి బయటి అంచు, కుడి కాలి లోపలి అంచు పని చేస్తాయి. ఆ రెండిట్లో ఏదో ఒకటి పొట్టిగా ఉంటే, లేదా దెబ్బతింటే, ఆ వైపే జారుతుంది. ప్రొఫైల్ అయితే రెండువైపులా ఒకేలా ఇబ్బంది పెట్టాలి కదా.

స్కేట్‌ని తిరగేసి బ్లేడ్ మధ్యలో, రెండు అంచుల మీద ఆనేలా ఒక నాణెం అడ్డంగా పెట్టండి. బ్లేడ్ కొసకి కళ్లు ఆనించినట్టు పొడవునా చూడండి. నాణెం బ్లేడ్ పక్కలకి సరిగ్గా లంబంగా ఉండాలి. ఒకవైపు వాలితే ఆ వైపు అంచు పొట్టిది. ముందూ వెనకా కూడా చూడండి, మధ్యలో సమంగా ఉండి కొసల్లో వాలే బ్లేడ్లు ఉంటాయి. తర్వాత బ్లేడ్‌ని దీపం కింద పట్టుకుని అంచుని మెల్లగా తిప్పండి. పదునైన అంచు వెలుగుని వెనక్కి కొట్టదు, సన్నటి నల్ల గీతలా ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా తెల్లగా చుక్క మెరిస్తే అక్కడ అంచు పోయింది. గోటి మీద ఆ చోట నెమ్మదిగా లాగితే, మిగతా పొడవంతా గోరుని సన్నగా గీరుతుంది, అక్కడ మాత్రం ఊరికే జారిపోతుంది.

అంచులు సమంగా ఉన్నా ఒకవైపే జారుతుంటే, ఉక్కు విడిగా ఊడొచ్చే హోల్డర్ (బూట్ అడుగున ఉక్కుని పట్టి ఉంచే భాగం) అయితే ఎడమ బ్లేడ్‌ని కుడికి, కుడి బ్లేడ్‌ని ఎడమకి మార్చి ఐస్ ఎక్కండి. జారుడు రెండో కాలికి మారితే తప్పు ఉక్కుది. అదే కాలిలో ఉండిపోతే హోల్డర్ వంకరగా బిగించారని, లేదా బూట్‌లో పాదం వాలుతోందని అర్థం. ఉక్కుది అయితే పదును పెట్టేవాళ్లకి అంచులు సమం చేయమని చెప్పండి. హోల్డర్ అయితే రివెట్లు తీసి సరిచేసి మళ్లీ బిగించాలి.

రెండువైపులా జారుతోంది, లేదా ఆగబోతే దడదడలాడుతోంది

ఈ రెండూ ఒకే విషయానికి రెండు కొసలు. బ్లేడ్ మందం సుమారు 3 మి.మీ. పదును పెట్టే చక్రం అంచుని వజ్రపు మొనతో ఒక గుండ్రటి వంపుగా దిద్దుతారు, ఆ వంపే బ్లేడ్‌లో హాలోగా దిగుతుంది. 1/2 అంగుళం హాలోలో గాడి లోతు 0.09 మి.మీ. దగ్గర ఉంటుంది, 3/4 అంగుళంలో 0.06 దగ్గర. ఇంత చిన్న తేడా కాలికి స్పష్టంగా తెలుస్తుంది. అంకె చిన్నదైతే గాడి లోతు, పట్టు ఎక్కువ, గ్లైడ్ (తోయకుండానే జారుతూ సాగడం) తక్కువ. అంకె పెద్దదైతే పట్టు తగ్గి గ్లైడ్ పెరుగుతుంది.

చాలా షాపుల్లో మీరేమీ చెప్పకపోతే 1/2 పెడతారు. బరువున్న ఆటగాడి అంచు ఐస్‌లోకి తనంతట తానే దిగుతుంది కాబట్టి 5/8, 3/4 హాయిగా ఉంటాయి. తేలికైనవాళ్లకి, పిల్లలకి 1/2 లేదా 3/8 పట్టు ఇస్తుంది. చల్లగా, గట్టిగా ఉండే ఐస్ మీద లోతు కావాలి, మెత్తటి ఐస్ మీద అంత లోతు అక్కర్లేదు. ఆగేటప్పుడు బ్లేడ్ కొరికి ఎగురుతుంటే ఒక్క మెట్టు పైకి వెళ్లండి, 1/2 నుంచి 5/8కి. ఒకేసారి 3/8 నుంచి 3/4కి దూకితే వేరే జత స్కేట్లు వేసుకున్నట్టు ఉంటుంది, ఏది నచ్చిందో ఏది నచ్చలేదో తేల్చుకోలేరు.

హాలో మార్చకముందు అసలు పదును ఉందో లేదో చూడండి. చాలామందికి 5 నుంచి 10 గంటల ఆట తర్వాత పదును అవసరమవుతుంది. గట్టి నేల మీద ఒక్క అడుగు వేసినా అంచు పోవచ్చు. పదును పెట్టించిన వెంటనే ఒకవైపు కొరుకుతుంటే అంచు మీద సన్నటి రజను మిగిలి ఉంటుంది, సానరాయితో బ్లేడ్ పక్కల్ని తేలిగ్గా రుద్దితే పోతుంది. ఆట అయ్యాక బ్లేడ్‌ని పొడిగా తుడిచి మెత్తటి గుడ్డ కవరులో పెట్టండి. ప్లాస్టిక్ గార్డులో తడితో వదిలేస్తే తుప్పు అంచునే తింటుంది.

నేరుగా వెళ్తుంటే వణుకుతోంది, లేదా తిరగడానికి బద్ధకిస్తోంది

ఇక్కడికి వచ్చాక ప్రొఫైల్ మాట. ఉయ్యాల కుర్చీ అడుగు చెక్క ఎంత వంగి ఉంటే అంత తేలిగ్గా ఊగుతుంది, బ్లేడ్ కూడా అంతే. 9 అడుగుల వంపు ఎక్కువ వంగినది. 10 సెం.మీ. పొడవులో ఆ వంపు ఎత్తు సుమారు 0.46 మి.మీ., 13 అడుగులదైతే 0.32. 9లో ఐస్‌కి తగిలే పొడవు తక్కువ, చిటికెలో తిరగొచ్చు, నేరుగా వేగం పట్టేటప్పుడు మాత్రం నిలకడ తక్కువ. 13లో తగిలే పొడవు ఎక్కువ, తోపులో బలం, గ్లైడ్, నిలకడ బాగుంటాయి, ఇరుకు మలుపులు కష్టమవుతాయి. కొత్త స్కేట్లు ఎక్కువగా 9 నుంచి 11 మధ్య వస్తాయి. గోల్‌కీపర్ల బ్లేడ్ ఇంకా చాలా చదునుగా, 28 అడుగుల దగ్గర ఉంటుంది, అది వేరే లెక్క.

నేరుగా వణుకుతుంటే ఒక అడుగు పెంచండి, తిరగలేకపోతుంటే ఒక అడుగు తగ్గించండి. రెండూ కావాలనుకునేవాళ్లకి ఒకే బ్లేడ్‌లో ముందు చిన్న వంపు, వెనక్కి వెళ్లేకొద్దీ పెద్ద వంపు పెట్టే ప్రొఫైల్స్ ఉన్నాయి. ముందు భాగం చురుగ్గా తిప్పుతుంది, వెనక భాగం నిలబెడుతుంది. నా అభిప్రాయంలో ఆట ఒక స్థాయికి వచ్చినవాళ్లకే వీటి తేడా తెలుస్తుంది. ఇంకా ఆగడం నేర్చుకుంటున్నవాళ్లకి 10 అడుగుల మామూలు వంపు చాలు.

వెనక్కి పడిపోతున్నట్టుంది, లేదా ముందుకి తోసేస్తోంది

ఇది వంపు పెద్దదా చిన్నదా అన్న ప్రశ్న కాదు, వంపు మధ్య బిందువు బ్లేడ్‌లో ఎక్కడుందన్నది. ఆ బిందువు వెనక్కి జరిగితే ఒళ్లు ముందుకి వాలుతుంది, ముందుకి జరిగితే బరువు మడమల మీద పడుతుంది. మోకాళ్లు చాలినంత వంచినా ఒళ్లు వెనక్కే లాగుతుంటే బిందువుని కాస్త వెనక్కి జరపమని అడగండి. మోకాళ్లు నిటారుగా ఉంచి స్కేట్ చేసేవాళ్లు మాత్రం ముందు మోకాళ్లు వంచి చూడాలి. ఫిగర్ స్కేట్ నుంచి మారినవాళ్లకి మొదట్లో ముందుకి తూలినట్టు ఉండటం సహజం. హాకీ బ్లేడ్ ముందు పళ్లుండవు, కొస గుండ్రంగా ఉంటుంది. కొన్నాళ్లకి అలవాటైపోతుంది.

మొదట బాగుండేది, ఇప్పుడు మెల్లగా పాడైంది

చేత్తో పదును పెట్టేటప్పుడు కొసల దగ్గర చక్రం కాస్త ఎక్కువసేపు ఆగితే, ముందూ వెనకా ఎక్కువ అరుగుతుంది. పదును మీద పదును పడి 10 అడుగుల వంపు తెలియకుండానే ఇంకా వంగిపోతుంది. మళ్లీ ప్రొఫైల్ చేయించాలి. ఉక్కు ఎత్తు తగ్గిపోయి, మలుపులో హోల్డరే ఐస్‌కి తగులుతుంటే మాత్రం కొత్త ఉక్కు వేయాల్సిందే. కొత్త ఉక్కు కంపెనీ వంపుతో వస్తుంది, మీరు చేయించుకున్న ప్రొఫైల్ దానికి ఉండదు. విడి ఉక్కు జత ఉంచుకునేవాళ్లు రెండు జతలకీ ఒకే ప్రొఫైల్, ఒకే హాలో పెట్టించండి. హోల్డర్ లోపల టేపు ముక్క మీద ఆ రెండు అంకెలు రాసి అంటించండి, వేరే చోట పదును పెట్టించాల్సి వచ్చినప్పుడు అది చూపిస్తే చాలు.