చెరువు గట్టు మీద ఏరియేటర్లకు ఎర్తింగ్

భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) మోటారు బాడీని న్యూట్రల్‌కి కలిపేసి ఎర్తింగ్ అయిపోయిందనుకోకండి. దారిలో ఎక్కడ న్యూట్రల్ తెగినా బాడీకి 230 వోల్టులూ వస్తాయి. నీళ్లలో ఉన్న మనిషి ప్రాణం పోతుంది.

గట్టు వారన తేమ నేలలో 3 మీటర్ల రాగిపూత రాడ్ దిగ్గొట్టండి. ఉప్పునీటి చోట జీఐ (జింకుపూత ఇనుప) పైపును తుప్పు తొందరగా తినేస్తుంది. రాడ్ నుంచి ప్రతి మోటారుకీ, స్టార్టర్ పెట్టెకీ, ఇనుప ఫ్రేముకీ ఆకుపచ్చ తీగ లాగండి. బోల్టు కింద పెయింటు గీకి, లోహం మెరిశాకే బిగించండి. ఎర్త్ కనెక్షన్ ఎక్కువగా చెడేది ఈ బిగింపు దగ్గరే.

రాడ్ ఒక్కటే చాలదు. ఎర్త్ నిరోధం 20 ఓములుంటే, బాడీకి 230 వోల్టులు తగిలినా నేలలోకి పారేది 11.5 ఆంపియర్లే, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడే స్విచ్) పడదు. అందుకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కొద్దిపాటి కరెంటు లీకైనా పడే స్విచ్) తప్పనిసరి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కండి. పడకపోతే ఆ రోజే మార్చండి.