మారుతున్న నగరంలో నాటక సమాజాన్ని నడపడం ఎలా?

క్లీవ్‌లాండ్ అనగానే తెలుగువారిలో చాలామందికి 1978 నుంచి అక్కడ జరుగుతున్న త్యాగరాజ ఆరాధనోత్సవం గుర్తుకు వస్తుంది. అదే నగరం తూర్పు భాగంలో, క్విన్సీ అవెన్యూ, 89వ వీధి కలిసే చోట, కరాము హౌస్ అనే నాటకశాల ఉంది. ఓబర్లిన్ కళాశాలలో చదువుకున్న రసెల్, రొవీనా జెలిఫ్ అనే శ్వేతజాతి దంపతులు 1915లో బీదల పేటలో దాన్ని ఒక సేవాకేంద్రంగా ప్రారంభించారు. దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతివారు ఉత్తరాది కర్మాగారాల్లో పని వెతుక్కుంటూ తరలివస్తున్న కాలమది. క్లీవ్‌లాండ్‌లో వారి సంఖ్య 1910లో 8,448 ఉండగా 1920 నాటికి 34,451కి చేరింది. తరువాతి దశాబ్దాల్లో కర్మాగారాలు మూతపడి, స్తోమత ఉన్నవారు శివారు పట్టణాలకు వెళ్ళిపోగా, 1950లో 9,14,808గా ఉన్న నగర జనాభా 2020 నాటికి 3,72,624కు పడిపోయింది. ఊరు ఇన్నిసార్లు రూపు మార్చుకున్నా ఆ నాటకశాల నడుస్తూనే ఉంది.

ఇటువంటి నగరాల్లో స్థిరపడి, స్థానిక నాటక సంస్థల్లో నటులుగానో కార్యకర్తలుగానో పాలకమండలి సభ్యులుగానో చేరదలచిన తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. నేను కూడా ఒహాయోలోనే ఒక చిన్న నాటకశాలలో కొన్నేళ్ళు స్వచ్ఛందంగా పనిచేశాను. నాటక బృందాన్ని మనం ‘సమాజం’ అంటాం. సురభివారిది కూడా నాటక సమాజమే. ఆ మాటకు తగినట్టు, ఏ నాటకం ఆడాలో నిర్ణయించే హక్కు చుట్టుపక్కల వీధులవారికి ఇచ్చిన తరువాతే వారిని టిక్కెట్టు కొనమని అడగాలి. ఈ వ్యాసంలో మిగిలినదంతా ఆ హక్కు ఎలా ఇవ్వాలన్నదే.

మొదట మీ పేటలో ఎవరున్నారో తెలుసుకోండి. అమెరికా జనగణన శాఖ వాడవారీగా ప్రచురించే ఆదాయం, భాష, అద్దె లెక్కలు ఉచితంగా దొరుకుతాయి, వాటిని చదవండి. అయితే ఆ లెక్కలు కొన్నేళ్ళ సగటు కాబట్టి నిన్న వచ్చిన కుటుంబం వాటిలో కనిపించదు. అందుచేత నాటకశాల చుట్టూ అరగంట దూరంలోని వీధులన్నీ కాలినడకన తిరగండి. మేము ఒక ఏడాది ఆడిషన్ ప్రకటనను మా వెబ్‌సైటులో మాత్రమే పెట్టాము. ఎప్పుడూ వచ్చే పదిహేను మందే వచ్చారు. మరుసటి ఏడాది అదే ప్రకటనను పెద్ద అక్షరాలతో కాగితం మీద అచ్చు వేయించి, నాణేలు వేసి బట్టలు ఉతుక్కునే లాండ్రీలోను, క్షౌరశాలలోను, చర్చి కింది అంతస్తులో ఆహారం పంచే గది తలుపు మీద, హలాల్ మాంసం దుకాణంలోను అంటించాము. లాండ్రీలో యంత్రం ఆగేదాకా ముప్పావు గంట ఊరికే కూర్చునేవారు ఆ కాగితాన్ని పూర్తిగా చదివారు. ఆ ఏడాది ఆడిషన్‌కు వచ్చిన కొత్తవారిలో ఎక్కువమంది ఆ ఒక్క గోడ నుంచే వచ్చారు.

ఆ తరువాత వారి మాట వినడానికి కూర్చోవాలి. దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మేలైన పద్ధతి కథావలయం. పౌరహక్కుల ఉద్యమ కాలంలో, 1963లో, మిసిసిపీ రాష్ట్రంలో ఫ్రీ సదరన్ థియేటర్ అనే నాటక బృందాన్ని స్థాపించినవారిలో ఒకరైన జాన్ ఓనీల్ దీన్ని పెంచి పోషించారు. పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కొక్కరికీ సమానమైన సమయం ఉంటుంది. ప్రతి ఒక్కరూ తమ జీవితంలో జరిగిన ఒక సంఘటన చెబుతారు. ఎవరూ మధ్యలో అడ్డు రాకూడదు, వాదించకూడదు, సలహా ఇవ్వకూడదు. చెప్పడం ఇష్టం లేనివారు తమ వంతు వదిలేయవచ్చు. ‘ఈ వీధిలో మీరు మొదటి రాత్రి ఎలా గడిపారు?’ వంటి చిన్న ప్రశ్న ఇవ్వండి. ‘జాతి వివక్ష గురించి చెప్పండి’ అని అడిగితే ఉపన్యాసాలు వస్తాయి; మొదటి రాత్రి గురించి అడిగితే మనుషులు వస్తారు. చెప్పినవారి అనుమతి లేకుండా ఆ కథను వేదిక మీదికి తీసుకురాకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే, కొన్నేళ్ళుగా కూడగట్టుకున్న నమ్మకం ఒక్క ప్రదర్శనతో పోతుంది.

ఇక నాటకం ఎంపిక. చాలా సంస్థల్లో ముగ్గురు నలుగురు పాత సభ్యులు కూర్చొని ఏడాది నాటకాలన్నీ నిర్ణయించి, కొత్త జాతివారి కోసమని, అమెరికాలో నల్లజాతి చరిత్ర మాసంగా జరుపుకునే ఫిబ్రవరి నెలలో ఒకటి చేరుస్తారు. ఆ పద్ధతి మానుకోవాలని గట్టిగా చెబుతాను. ఎంపిక సంఘంలో కనీసం సగం స్థానాలు నడక దూరంలో నివసించేవారికి కేటాయించండి. అభిప్రాయం చెప్పే అవకాశంతో సరిపెట్టకుండా ఓటు ఇవ్వండి. కరాము చరిత్రలో ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి నల్లజాతి ఔత్సాహిక నటుల బృందం 1920ల తొలినాళ్ళలో, ఆ తరం గొప్ప నటుడు చార్లెస్ గిల్పిన్ క్లీవ్‌లాండ్ వచ్చినప్పుడు ఆయన ప్రోత్సాహం పొంది, ఆయన పేరుతోనే గిల్పిన్ ప్లేయర్స్ అయింది. ఆ బృందం క్రమంగా తమ జీవితాన్ని చూపే నాటకాల వైపు మళ్ళింది. హైస్కూలు రోజుల్లో ఆ సేవాకేంద్రానికి వచ్చిపోయిన లాంగ్‌స్టన్ హ్యూజ్ అనే కుర్రవాడు పెద్ద కవి అయ్యాక, 1930లలో ఆయన రాసిన నాటకాలను ఆడింది కూడా ఆ బృందమే. తలుపు తెరిచి పెట్టిన ఇంటికి రచయిత తానే నడిచి వస్తాడు.

నాటకం నిర్ణయించిన వెంటనే హక్కుల సంగతి చూసుకోండి. అమెరికాలో కాపీరైటు ఉన్న నాటకానికి, టిక్కెట్టు పెట్టకపోయినా, ప్రదర్శనకు ఇంత అని రాయల్టీ చెల్లించి అనుమతి పొందాలి. ప్రచురించి 95 ఏళ్ళు దాటిన పాత నాటకాలకు ఆ అవసరం ఉండదు. అనుమతి లేకుండా సంభాషణలు మార్చరాదు. పాత్రల జాతి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 2015లో ఒహాయోలో ఒక విశ్వవిద్యాలయ నాటక బృందం ప్రదర్శనలో మార్టిన్ లూథర్ కింగ్ పాత్రను శ్వేతజాతి నటుడు పోషించినప్పుడు, నాటకకర్త కటోరి హాల్ తీవ్రంగా అభ్యంతరం చెప్పి, తన ముందస్తు అనుమతి లేనిదే ఆ నాటకంలోని పాత్రలను నల్లజాతి నటులు తప్ప ఇతరులు పోషించరాదని లైసెన్సులో షరతు చేర్చారు. ఏ పాత్రకైనా ఎవరినైనా తీసుకోవచ్చనే ఉదారత రెండు వైపులా ఒకే విధంగా పనిచేయదు. నల్లజాతి నటులకు వందేళ్ళు మూసి ఉన్న తలుపును తెరవడం వేరు, వారికున్న కొద్దిపాటి పాత్రలను కూడా తీసుకోవడం వేరు.

రిహార్సల్ వేళలు చిన్న విషయంగా కనిపిస్తాయి కానీ, ఎవరు నటించగలరో ఎవరు నటించలేరో తేల్చేది అవే. మా నాటకంలో తల్లి పాత్ర వేసిన ఆమె వృద్ధాశ్రమంలో ఆయాగా పనిచేసేది. రాత్రి తొమ్మిదిన్నర దాకా సాగే రిహార్సల్‌లో తొమ్మిది కాగానే ఆమె గోడ గడియారం వైపు చూడటం మొదలుపెట్టేది. దర్శకుడు అది శ్రద్ధలోపం అనుకొని రెండుసార్లు మందలించాడు. ఆమె ఏమీ అనలేదు. మూడో రోజు నేను బయటి దీపం ఆర్పడానికి వెళ్ళినప్పుడు, మంచులో కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా ఆమె బస్సు వెనుక పరుగెత్తుతోంది. తొమ్మిదీ పదికి ఆఖరి బస్సు. మరునాటి నుంచి ఆమె ఉన్న రంగాలన్నీ ముందు పూర్తి చేసి, ఎనిమిదీ నలభైకి పంపించేశాము. ఆమె నటన వారంలో మారిపోయింది. కాబట్టి పాత్రలు ఖరారు చేసిన రోజే ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడగండి: ఎలా వస్తారు, ఇంట్లో పిల్లలను ఎవరు చూస్తారు, భోజనం ఎప్పుడు చేస్తారు. పిల్లల కోసం పక్క గదిలో ఒక మనిషిని, అందరి కోసం ఒక గిన్నెలో వేడి అన్నమో సూపో ఏర్పాటు చేయడానికయ్యే ఖర్చును బడ్జెట్‌లో రంగాలంకరణకన్నా ముందు రాయండి.

టిక్కెట్టు ధర గురించి మినియాపొలిస్‌లోని మిక్స్‌డ్ బ్లడ్ థియేటర్‌ను చూడండి. 1976లో జాక్ రూలర్ స్థాపించిన ఈ సంస్థ సీడర్ రివర్‌సైడ్ పేటలో, 1887 నాటి అగ్నిమాపక కేంద్రంలో ఉంది. ఒకప్పుడు స్కాండినేవియా వలసదారులుండిన ఆ పేట ఇప్పుడు సోమాలీ కుటుంబాలకు నిలయం. 2011లో ఆ సంస్థ ఎవరైనా వచ్చి ఉచితంగా కూర్చునే పద్ధతి పెట్టింది. ముందే సీటు ఖాయం చేసుకోవాలనుకునేవారు మాత్రం డబ్బు కట్టేవారు. పేదరికం రుజువు చేసుకోమని ఎవరినీ అడగకపోవడం ఇందులోని గొప్పతనం.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు స్థానిక ప్రభుత్వాన్ని మరువకండి. క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీలో కళాసంస్థల కోసం సిగరెట్టు పెట్టెకు 30 సెంట్ల పన్నును 2006లో ఓటర్లే ఆమోదించారు. లాభాపేక్ష లేని సంస్థగా నమోదు పూర్తయ్యేదాకా, అప్పటికే నమోదైన మరొక సంస్థ పేరు మీద గ్రాంటు స్వీకరించే ఏర్పాటు చేసుకోవచ్చు. భవనం విషయంలో మాత్రం తొందరపడాలి. పేట మెరుగుపడుతోందన్న వార్త వచ్చేసరికి అద్దె పెరిగి ఉంటుంది. అంతకుముందే దీర్ఘకాలపు లీజు, పొడిగించుకునే హక్కు, అద్దె పెంపుపై పరిమితి రాయించుకోండి. ఉన్న చోటు పోతే మళ్ళీ సమకూర్చుకోవడం తేలిక కాదు: 1939లో అగ్నిప్రమాదంలో తన నాటకశాలను కోల్పోయిన కరాముకు కొత్త భవనం పూర్తయ్యేసరికి 1949 వచ్చింది.

పాత ప్రేక్షకుల్లో కొందరు ‘ఇది మునుపటి మన నాటకశాల కాదు’ అంటారు. వారితో వాదించవద్దు, వారిని వదులుకోవద్దు కూడా. తలుపు దగ్గర టిక్కెట్లు చూసే పని ఒక పాత సభ్యునికి, ఒక కొత్త సభ్యునికి కలిపి ఇవ్వండి. రెండు గంటలు పక్కపక్కన నిలబడితే మాటలు వాటంతట అవే మొదలవుతాయి. ఆఖరి ప్రదర్శన ముగిశాక, సెట్టు విప్పే పని మొదలుపెట్టకముందే, వచ్చే ఏడాది ఎంపిక సంఘానికి పేర్లు రాసుకునే కాగితాన్ని, కలాన్ని బయటికి వెళ్ళే దారిలో బల్ల మీద పెట్టి, పక్కన ఒకరు నిలబడండి. తరువాతి సమావేశం తేదీ, బస్సు నంబరు, పిల్లల గది ఉందన్న సంగతి ఆ కాగితం పైభాగంలోనే రాసి ఉంచండి.